జూనో-106 నా చేతికి ఎలా వచ్చిందంటే

పాత అనలాగ్ పాలీఫోనిక్ సింథసైజర్ (విద్యుత్ సంకేతాలతో నాదం పుట్టించి, ఒకేసారి పలు స్వరాలు పలికించే కీబోర్డు వాద్యం) కొనాలనుకున్నప్పుడు మనసు ముందుగా ప్రాఫెట్-5 మీదికే పోయింది. చేసుకున్న నాదాలను దాచుకుని మీట నొక్కగానే మళ్లీ పలికించే వీలును 1978లోనే ఇచ్చిన వాద్యం అది. ధర మాత్రం నాకు అందేది కాదు. అందేవాటిలో నాకు నచ్చినవి రెండు: 1981 నాటి కార్గ్ పాలీసిక్స్, 1984 నాటి రోలాండ్ జూనో-106. రెండింటికీ ఆరేసి వాయిస్‌లు, అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి.

నాదం మాటకొస్తే నా ఓటు పాలీసిక్స్‌కే. దాని ఆసిలేటర్లు (నాదానికి మూలమైన తరంగాన్ని పుట్టించే భాగాలు) వోల్టేజీతో నడుస్తాయి కనుక శ్రుతి వెంట్రుకవాసి కదులుతూ ఉంటుంది, ఆ కదలికలోనే నిండుదనం ఉంది. జూనోలో తరంగం అనలాగే అయినా శ్రుతిని డిజిటల్ గడియారం పట్టి ఉంచుతుంది. అక్కడ నిండుదనమంతా కోరస్‌ది, అంటే నాదానికి కాస్త తేడాతో ఉన్న దాని నకలునే కలిపే ఎఫెక్ట్‌ది. ఆ మీట నొక్కగానే సన్నటి నాదం రెండు స్పీకర్ల మధ్య పరుచుకుంటుంది. ఎంత విన్నా నాకు తనివి తీరలేదు.

నేను చూసిన పాలీసిక్స్ మూత తీయించాను. మెమరీని నిలిపే నికెల్-కాడ్మియం బ్యాటరీ కారి, బోర్డు మీది రాగి గీతలను తినేసింది. ఈ మోడల్‌కు పేరుపడ్డ జబ్బే ఇది. మనసు ఒప్పకపోయినా వదులుకున్నాను.

జూనో జబ్బు వేరు. ఒక్కో వాయిస్ ఫిల్టర్, యాంప్లిఫయర్ కలిసి 80017ఎ అనే చిప్‌లో ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలో కొన్ని చిటపటమంటాయి, కొన్ని మూగబోతాయి. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కిపట్టి స్విచ్ వేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది, ఏ వాయిస్ పలుకుతోందో తెర మీద అంకె చూపిస్తుంది. కోరస్ లోపాలను కప్పేస్తుంది కాబట్టి దాన్ని ఆపి, ఒక్కో వాయిస్‌నూ విడిగా విన్నాను. మొదట చూసిన జూనోలో నాలుగో వాయిస్ గరగరలాడింది. కాస్త వేడెక్కితే సర్దుకుంటుందని అమ్మేవారు అన్నారు. వేడెక్కేదాకా ఆగి మళ్లీ విన్నాను, గరగర పోలేదు.

చివరికి కొన్నదానిలో ఆరు చిప్‌లూ కొత్తగా తయారైనవే. అసలు చిప్‌లు లేకపోతే విలువ తగ్గుతుందనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను, వాద్యం ఉన్నది వాయించడానికి.

దీని మెమరీ బ్యాటరీ కూడా పాతదే, బోర్డుకు టంకం వేసి ఉంది. దాన్ని తీస్తే 128 ప్యాచ్‌లూ (దాచి ఉంచిన నాదాల అమరికలు) చెరిగిపోతాయి. అందుకని ముందు టేప్ సాకెట్ (మెమరీని శబ్దంగా మార్చి క్యాసెట్‌కు పంపే మార్గం) నుంచి వాటిని కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకుని, ఆ తర్వాతే టెక్నీషియన్ చేత మార్పించాను. మళ్లీ టంకం అవసరం లేకుండా బ్యాటరీకి ఒక హోల్డర్ కూడా పెట్టించాను.