650 పదాల్లో జీవిత లక్ష్యం

అమెరికాలో చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో వ్యాసానికి పరిమితి 650 పదాలు. అందులో జీవిత లక్ష్యం గురించే రాయమని మా అమ్మాయిని ఎవరూ అడగలేదు, నేను తప్ప. పేదలకు వైద్యం చేయాలన్న సంకల్పం చిన్ననాడే కలిగిందనీ, వేసవిలో మన ఊరికి వెళ్లినప్పుడు అది మరింత బలపడిందనీ రాస్తే బాగుంటుందని సూచించాను. “ఊళ్లో నేను చేసింది మామిడిపళ్లు తినడమే కదా నాన్నా! ఎందుకు పుట్టానో పదిహేడేళ్లకే నాకెలా తెలుస్తుంది? తెలిసినట్టు రాయను” అని తేల్చి చెప్పింది.

ఆ వయసులో నాకు తెలుసునా అంటే, తెలుసుకోవలసిన అవసరమే రాలేదు. ఎంపీసీయా బైపీసీయా అన్నది ఇంట్లో పెద్దలు నిర్ణయించారు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది ఎంసెట్ ర్యాంకు నిర్ణయించింది. అమెరికా వచ్చాక ఆ బాధ్యతను ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు వరుసలో మన చోటును నిర్ణయించే తేదీ, తీసుకుంది. సంఖ్యకు పరిమితి ఉన్న గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ మామూలుగా ఏటా 7 శాతానికి మించి దక్కకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ల వరుస ఎంత పొడవో అందరికీ తెలిసినదే. ఏ తేదీ వరకు వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం ప్రతి నెలా ప్రకటించే వీసా బులెటిన్ తెరిచి, తేదీ ఎంత ముందుకు జరిగిందో, ఒక్కోసారి ఎంత వెనక్కి పోయిందో చూసుకుంటూ, పిల్లకు 21 ఏళ్లు నిండి మా దరఖాస్తు నుంచి జారిపోయేలోగా కార్డు వస్తుందా అని లెక్కలు వేసుకుంటూ గడిపిన ఆ కాలంలో, నా బతుకుకు అర్థమేమిటన్న ప్రశ్న ఒక్కనాడూ నన్ను వేధించలేదు. కార్డు వచ్చిన మరుసటి నెల కూడా అలవాటు కొద్దీ బులెటిన్ తెరిచాను. మాకు సంబంధించినది అందులో ఏమీ లేదు. ఆ వెలితి ఇంతవరకు తీరలేదు.

ఇటువంటి మనిషిని, అమ్మాయికి ‘స్వధర్మే నిధనం శ్రేయః’ (తన ధర్మంలో చావైనా మేలే) అని గీత మూడో అధ్యాయం అప్పజెప్పబోయాను. గీతా పోటీల కోసం చిన్నప్పుడు ఆ శ్లోకాలు తనచేత బట్టీ పట్టించినవాడిని నేనే. “అర్జునుడు క్షత్రియుడని అందరికీ ముందే తెలుసు కదా. నా స్వధర్మమేమిటో ఎవరు చెబుతారు?” అన్నది. దీనికి సమాధానం మర్నాడు కారు నడుపుతుండగా తట్టింది: పుట్టుకతోనే ధర్మం నిర్ణయమైపోయిన అర్జునుడు సైతం రెండో అధ్యాయంలో తన మనసు ధర్మం విషయంలో అయోమయంలో పడిందని ఒప్పుకున్నాడు, అతని సందేహం తీరడానికి 700 శ్లోకాలు పట్టింది. అయితే ఈ వాదన అమ్మాయి పక్షాన్నే బలపరుస్తున్నదని గ్రహించి, ఇంటికి వెళ్లాక నోరు మెదపలేదు.

పిల్లలను వాళ్ల దారి వెతుక్కోనివ్వాలని మిత్రులకు ధారాళంగా సలహా ఇస్తూ ఉంటాను. మా ఇంట్లో కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్.ఎ.టి. పరీక్ష కోచింగ్‌కు మాత్రం ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేకపోయింది. ఇంతకీ నేను తాపత్రయపడుతున్నది పిల్ల గమ్యం గురించా, లేక బులెటిన్ పోయాక ఖాళీ అయిన నా నెలలకు ఇంకొక గడువు తేదీ కావలసి వచ్చిందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఐస్‌క్రీం దుకాణంలో చేసిన వేసవి ఉద్యోగం గురించి, అందులోనూ దుకాణం మూసేవేళ నేల తుడవడం తనకెందుకు నచ్చిందో రాస్తానని మొన్న చెప్పింది. “నీ ఇష్టం తల్లీ” అన్నాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక, నేల తుడవడం గురించి రాసి మంచి కాలేజీలో సీటు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారేమోనని గూగుల్‌లో చాలాసేపు వెతికాను.