ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరుకి తాళం వేశాను

తెలిసినవాళ్లకి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు ఫైల్ చేసిపెట్టడం నాకు ఉద్యోగం కాక ఉన్న రెండో పని. జులై వచ్చేసరికి నా ల్యాప్‌టాప్‌లో అందరి పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పోగుపడతాయి. ఈ మధ్య కీబోర్డు మార్పిద్దామని ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే, కౌంటర్లో అబ్బాయి లాగిన్ పాస్‌వర్డ్ అడిగి, చీటీ మీద రాసి, దాన్ని ల్యాప్‌టాప్ మూత మీదే అంటించాడు. అందరివీ అలాగే పెడతారట. తర్వాత తెస్తానని చెప్పి వెనక్కి తెచ్చేశాను.

"ఆధార్ పీడీఎఫ్‌కి ఎలాగూ పాస్‌వర్డ్ ఉంటుంది కదా బావా" అన్నాడు మా బావమరిది. ఉంటుంది. పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, వెనక పుట్టిన సంవత్సరం. ఈ-పాన్‌కైతే పుట్టిన తేదీ. అవన్నీ అదే ఫోల్డర్లో ఉన్న పాన్ కార్డు ఫొటోలో కనిపిస్తాయి. తాళంకప్పకే తాళంచెవి కట్టి వేలాడదీసినట్టు.

విండోస్‌లోనే ఏదో ఉంటుందిలే అని ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి చూశాను. ఫోల్డర్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళంచెవి లేనివాళ్లకి అర్థంకాని రూపంలోకి మార్చే టిక్కు ఉంది కానీ బూడిదరంగులో ఉంది, నొక్కినా పడలేదు. నాది హోమ్ ఎడిషన్, ఆ సౌకర్యం ప్రో, ఎంటర్‌ప్రైజ్ లాంటి వాటికే. ఉన్నా నా అవసరం తీరేది కాదు. ఆ పద్ధతిలో నా లాగిన్‌తో లోపలికి వచ్చిన ఎవరికైనా ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి. షాపులో అడిగింది కూడా ఆ లాగినే మరి.

ఫైళ్లన్నీ ఒక్క ఫైల్లో కుదించి పాస్‌వర్డ్ పెట్టే సెవెన్‌జిప్ నాకు ముందునుంచీ తెలుసు. ఎవరికైనా ఫైళ్లు పంపాలంటే ఇప్పటికీ అదే వాడతాను: సెవెన్‌జెడ్ ఫార్మాట్, ఫైల్ పేర్లు కూడా దాచే టిక్కు పెట్టి, పాస్‌వర్డ్ ఫోన్లో చెబుతాను. రోజూ తెరిచి దిద్దే ఎక్సెల్ షీట్లకి మాత్రం అది పనికిరాదు. లోపలి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే ముందు తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డర్లో మామూలు కాపీ ఒకటి తయారవుతుంది. దాచాలనుకున్నది ఇంకోచోట పరిచినట్టే కదా.

చివరికి వెరాక్రిప్ట్ దగ్గర ఆగాను. 2014లో ట్రూక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌ని దాన్ని తయారుచేసినవాళ్లే ఆపేశారు. దాని కోడ్ మీద కట్టిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. పద్ధతి తేలికే. పది జీబీల ఫైల్ ఒకటి తయారు చేయించాను, తాళం పద్ధతి అది ముందే ఎంచి పెట్టిన ఏఈఎస్‌నే అలాగే ఉంచాను. మధ్యలో మౌస్‌ని అటూఇటూ తిప్పమంటుంది, ఆ కదలికల్లోంచి తాళానికి కావలసిన యాదృచ్ఛిక సంఖ్యలు పోగుచేసుకుంటుంది. పాస్‌వర్డ్ కొడితే ఆ ఫైలే కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఎక్సెల్ నేరుగా అందులోనే పనిచేస్తుంది. మూసేస్తే మళ్లీ ఎవరికీ అర్థంకాని ఒక పెద్ద ఫైల్.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఫోల్డర్ లోపలికి మార్చాను సరే, డౌన్‌లోడ్స్‌లో అవే కాగితాలు, డెస్క్‌టాప్ మీద కొన్ని, వాట్సాప్‌లో వచ్చినవి ఇంకెన్నో. ఒక్కొక్కటీ వెతికి తీసేశాను. తీసేసినా ఎస్ఎస్‌డీలో అవశేషాలు మిగలొచ్చు. హార్డ్ డిస్క్‌లోలా పైనుంచి మళ్లీ రాసి చెరిపేశామన్న భరోసా ఎస్ఎస్‌డీతో లేదు. అందుకని సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ కూడా ఆన్ చేశాను. అది కొన్ని హోమ్ ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటుంది. ల్యాప్‌టాప్ పోయినా డిస్క్ ఊడదీసి చదవడం కుదరదు. దాని 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందని చూసుకుని, ప్రింటు కూడా తీశాను. మదర్‌బోర్డు మారిస్తే ఆ కీ అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటే టెన్షనే.

వెరాక్రిప్ట్ సెట్టింగ్స్‌లో రెండు మార్చాను. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్తే, స్క్రీన్ లాక్ అయితే డ్రైవ్ దానంతటదే మూసుకునేలా పెట్టాను. రెండోది, లోపల ఎంత మార్చినా బయటి ఫైల్ తేదీ మారకుండా ఉంచే టిక్కు తీసేశాను. తేదీ మారకపోతే బ్యాకప్ ప్రోగ్రామ్ అది పాత ఫైలే అనుకుని వదిలేస్తుంది. ఫైల్ మొదట్లో హెడర్ అని తాళం వివరాలుండే భాగం ఉంటుంది, అది పాడైతే పాస్‌వర్డ్ ఉన్నా తెరుచుకోకపోవచ్చు కాబట్టి దాని కాపీ కూడా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఒక మెలిక ఉంది: తర్వాత పాస్‌వర్డ్ మార్చినా ఆ పాత కాపీతో పాత పాస్‌వర్డ్ పనిచేస్తుంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఆ కాపీనీ మార్చాలి.

ఇరవై అక్షరాలకంటే చిన్న పాస్‌వర్డ్ పెడితే అది హెచ్చరిస్తుంది. పద్యం పాదం పెడదామనిపించింది కానీ అందరికీ నోటికొచ్చేది ఊహించడం తేలిక. ఒకదానికొకటి పొంతనలేని ఆరు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాను.

"మీకేమైనా అయితే వాళ్లందరి కాగితాలూ ఎవరు తీస్తారండీ?" అంది మా ఆవిడ. మరిచిపోతే తెరిపించే కస్టమర్ కేర్ ఎవరూ లేరు దీనికి. కాగితం మీద రాసిచ్చి, నేను పక్కన కూర్చోకుండా తననే తెరవమన్నాను. తెరుచుకోలేదు. మాటలు తెలుగులో రాసిచ్చాను, నేను ఒకే 'ఎ' కొట్టిన చోట తను రెండు కొట్టింది. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు ఎక్కడున్నాయో గీత గీసి మళ్లీ రాశాను. ఈసారి తెరిచింది. ఆ కాగితం, రికవరీ కీ ప్రింటు కవర్లో పెట్టి ఇంటి దస్తావేజులతో బీరువాలో పెట్టాం. పెన్‌డ్రైవ్ మాత్రం అక్కడ కాదు, మా అత్తగారింట్లో ఉంది.