పెళ్లిరోజుకి రిసోట్టో

నిన్న అమ్మానాన్నల 40వ పెళ్లిరోజు. ప్రతిసారీ బిర్యానీయేనా అని చెల్లి గొడవపెడితే మొగల్రాజపురంలో మా సందు చివరున్న చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్లాం, ఆరుగురం, ఒక టేబుల్ చాలక రెండు కలిపేశారు.

పాస్తా ఒక ముక్క నమిలి నాన్న "ఇది సరిగ్గా ఉడకలేదురా" అన్నారు, వాళ్ల పద్ధతే అంత నాన్నా, పంటికి కాస్త తగలాలంట, అల్ దెంతే అంటారు అని చెప్తే "మనింట్లో అన్నం ఇలా పలుకు మీద దించితే ఊరుకునేవాడినా" అని నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు లెండి.

అమ్మకి నచ్చింది రిసోట్టో. ఆర్బోరియో అని పొట్టిగా లావుగా ఉండే బియ్యమంట, కడగకుండానే వెన్నలో వేయించి, వేడి స్టాక్ (కూరగాయలో, మాంసమో ఉడికించిన నీళ్లు) గరిటె గరిటె పోస్తూ కలుపుతూనే ఉంటారు, వార్చరు, ఆ గంజే చిక్కబడి క్రీములా అవుతుంది అని వెయిటర్ కుర్రాడు చెప్తుంటే ఎంత శ్రద్ధగా విందో. అంతా విని "జీడిపప్పు, జీలకర్ర తగిలిస్తే కట్టెపొంగలే కదయ్యా" అంది. పాపం వాడు అవునమ్మా అనేశాడు.

పిజ్జా బాగా లేటు, అప్పటికి ఆకలే చచ్చిపోయింది. తిరమిసు మాత్రం సూపర్, కాఫీలో ముంచిన బిస్కెట్లు, మధ్యలో మస్కర్‌పోనే అనే మెత్తటి చీజ్, పైన కోకో పొడి. కాఫీ మనిషి కదా, నాన్న రెండు ప్లేట్లు లాగించారు (షుగర్ సంగతి ఎవ్వరం ఎత్తలేదు).

పొద్దున్నే అమ్మ రేషన్ బియ్యం బయటికి తీసింది. స్టాక్ బదులు చారు పోస్తే ఎలా ఉంటుందిరా అంటోంది. చెల్లి ఇంకా లేవలేదు.