అటక మీద క్యాసెట్టు

నిన్న సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడితే ఓ పెద్దాయన పట్టేశాడు.

"తుఫానప్పుడు కెమెరా పట్టుకొచ్చింది మీరే కదండీ? మా ఆవిడ మాట్లాడిందుందాండీ మీ దగ్గర?"

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసిన నాలుగోనాడు అది. నేనప్పుడు అసిస్టెంటుని. అప్పట్లో టీవీవాళ్లు వాడే బీటాక్యామ్ కెమెరా, క్యాసెట్టుకి అరగంటే. ఎటు చూసినా కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచి ఒకే వైపు పడున్నాయి. ఆవిడ కూలిన పాక ముందు కూర్చుని, తడిసిన బియ్యం చాటలో ఆరబోస్తూ చెప్పింది. చెయ్యీ ఆగలేదు, మాటా ఆగలేదు. పదకొండు నిమిషాలు. టీవీలో వేసింది నలభై సెకన్లు.

మిగతా టేపు మీద ఛానెల్ వాళ్లు వంటల కార్యక్రమం ఎక్కించేశారు. కొత్త టేపు ఖరీదని. కొత్త ఉద్యోగం కదా, నేనూ నోరెత్తలేదు.

తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట, కోరంగి మడ అడవులు, చాలానే తీశాను. పులస మీదైతే మూడుసార్లు తీయించారు (మూడోసారి చేప కూడా విసుక్కునుంటుంది).

లేదని చెప్పలేక "వెతుకుతానండీ" అన్నాను.

"బొమ్మ లేపోయినా పర్లేదండీ, గొంతు వినపడితే చాలు."

రాత్రి అటక మీది పెట్టె దించాను. బూజు పట్టిన ఒక క్యాసెట్టు మీద నా రాతే: 'పాక దగ్గర, విడి శబ్దం'. అంటే బొమ్మతో పని లేకుండా వట్టి శబ్దం పట్టింది. బీటాక్యామ్ ఆడించే మిషను ఎవరి దగ్గరైనా పనిచేస్తుంటే చెప్పండి. రాజమండ్రైనా, కాకినాడైనా వస్తాను.