హెడ్ అండ్ నెక్ ఎలా చదివానంటే (ఫస్ట్ ఇయర్ ఎంబీబీఎస్ వాళ్ళకి)

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నాది ఒంగోలు పక్కన పల్లెటూరు, చదివేది నెల్లూర్లో. అనాటమీలో లింబ్స్, థొరాక్స్ (ఛాతీ) పుస్తకం పట్టుకుని ఎట్టో నెట్టుకురావచ్చు గానీ తల మాత్రం అట్టా కుదరదు, చేతిలో స్కల్ (పుర్రె) లేకుండా రాత్రంతా బట్టీ పట్టినా తెల్లారేసరికి ఏదీ గుర్తుండదు.

ఎముకలు 22, ఆ పేర్లు రావడం పెద్ద పనేం కాదు. అసలు కథంతా బేస్‌లో ఉండే ఫొరామెన్లలోనే (నరాలు, రక్తనాళాలు పోయే రంధ్రాల్లోనే) ఉంది. సన్న చీపురు పుల్ల ఒకటి తీసుకోని, లోపల మిడిల్ ఫోసాలో (పుర్రె లోపలి మధ్య గుంటలో) ఫొరామెన్ ఓవేల్‌లో మెల్లిగా పెట్టండి, నేరుగా కిందకి దిగి ఇన్ఫ్రాటెంపోరల్ ఫోసాలో (కణత కింద, దవడ లోపలివైపు గుంటలో) తేలుద్ది. మాండిబ్యులార్ నర్వ్ (కింది దవడ నరం) పోయే దారి అదే, అందుకే అది నమిలే కండరాలకి పోద్దని ఇంక వేరే గుర్తుపెట్టుకోనక్కర్లా. దాని ముందున్న రోటండమ్‌లో పెడితే పుల్ల కిందకి రాదు, ముందుకి పోద్ది, స్కల్ తిరగేసి చూస్తే రోటండమ్ కనపడదు కూడా. వైవాలో (నోటి పరీక్షలో) కింద వైపు చూపించి రోటండమ్ ఏదమ్మా అంటే తడుముకోవద్దు, ఇక్కడ కనపడదు మేడమ్ అని ధైర్యంగా చెప్పండి. ఓవేల్‌కి కాస్త వెనక బయటివైపు ఉండే చిన్నది స్పైనోసమ్, మిడిల్ మెనింజియల్ ఆర్టరీ (మెదడు పొరలకి రక్తం తెచ్చే ధమని) దాంట్లోంచే లోపలికొస్తది.

ఆ ఆర్టరీని అక్కడ వదిలెయ్యొద్దు, కణత దగ్గరుండే టీరియాన్ దాకా పోండి. కణత మీద కొట్టొద్దురా అని మన పెద్దోళ్ళు ఊరికే అన్లేదు, ఫ్రాంటల్, పరైటల్, టెంపోరల్, స్ఫీనాయిడ్ నాలుగూ కలిసే ఆ చోట ఎముక పలచన, లోపలే ఆర్టరీ ముందు బ్రాంచి. హైవే మీద బండి మీంచి పడి, బాగానే మాట్లాడుతున్నాడని ఇంటికి తీసుకుపోయిన మనిషి గంటల తర్వాత స్పృహ తప్పితే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా (పుర్రెకీ మెదడు పై పొరకీ మధ్య రక్తం చేరడం) ఉందేమోనని అనుమానపడాల. ఎగ్జామ్ కోసమే కాదు, రేపు క్యాజువాలిటీలో నిలబడేది మనమే కాబట్టి ఇది గట్టిగా చదవండి.

ఎంబ్రియాలజీలో (పిండం ఎదిగే తీరు చదివే భాగంలో) ఫారింజియల్ ఆర్చెస్ (పిండానికి మెడ దగ్గర వచ్చే కమాన్లు) అయితే క్రేనియల్ నర్వ్స్ (మెదడు నుంచి వచ్చే నరాలు) అయ్యాకే పట్టుకోండి, మొదటి ఆర్చ్ నరం మాండిబ్యులార్, రెండో దానికి ఫేషియల్, మూడో దానికి గ్లాసోఫారింజియల్, మిగతావాటికి వేగస్, అప్పటికే పరిచయమైన పేర్లు కాబట్టి తొందరగా ఎక్కేస్తాయి.