నీళ్ల బిల్లుతో పాటు వచ్చే ఆ కాగితం

అమ్మ మొదటిసారి కాలిఫోర్నియా వచ్చినప్పుడు, వచ్చిన రోజే అడిగింది, "ఈ కుళాయి నీళ్లు కాచకుండా తాగొచ్చా?" అని. తాగొచ్చమ్మా అన్నాను. "నీకెలా తెలుసు?" అంది. ఏడేళ్లుగా ఇవే నీళ్లు తాగుతున్నాను, నెలనెలా బిల్లు కడుతున్నాను, అయినా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

జవాబు మాత్రం ఏటా ఇంటికి వస్తూనే ఉందట. ఊరికి నీళ్లిచ్చే సంస్థ, ముందటి ఏడాది నీటి పరీక్షల్లో ఏం తేలిందో జులై 1 లోపు వినియోగదారులకి చెప్పాలని ఇక్కడ ఫెడరల్ రూల్ ఉంది. నీళ్లు ఏ నది నుంచి, ఏ బోరు నుంచి వస్తున్నాయి, ఏ పదార్థం ఎంత ఉంది, పరిమితి ఎంత, దాటిందా లేదా, అన్నీ అందులో రాస్తారు. నైట్రేట్ పరిమితి దాటితే పసిపిల్లలకి ప్రమాదం కాబట్టి అలాంటిది ఏడాది రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా 24 గంటల్లోనే చెప్పాలి. ఆ రిపోర్టుని నేను ఏటా చదవకుండానే పారేశాను. ఈసారి అమ్మా నేనూ కూర్చుని మొత్తం చదివాం.

అక్కడితో ఆగలేదు, అసలు ఈ నీళ్లు వచ్చే వేసవికి ఉంటాయా లేవా అని ఎవరు లెక్క వేస్తారో చూద్దామని మా వాటర్ డిస్ట్రిక్ట్, అంటే మాకు నీళ్లిచ్చే సంస్థ, రాసిన ప్లాన్ తెరిచాను. 3,000 కనెక్షన్లు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి పట్టణ సరఫరా సంస్థా ఐదేళ్లకోసారి ఇలాంటి ప్లాన్ రాసి రాష్ట్రానికి ఇవ్వాలి, 1983 నుంచి ఇదే చట్టం. రాబోయే 20 ఏళ్లలో జనం ఎంత పెరుగుతారు, నీళ్లు ఎంత కావాలి, ఎక్కడి నుంచి తెస్తారు అని లెక్క చెప్పాలి. వరసగా ఐదేళ్లు కరువు వస్తే ఏం చేస్తారో కూడా రాయాలి. మనకి టీఎంసీలు ఎలాగో ఇక్కడ ఎకరా-అడుగులు అలాగ. ఒక ఎకరం నేల మీద ఒక అడుగు ఎత్తున నిలబడే నీళ్లన్నమాట, అలాంటివి సుమారు 23 వేలైతే మన ఒక టీఎంసీ.

ఐదేళ్ల కరువు అని ఎందుకు పెట్టారో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. 2015 ఏప్రిల్ 1న సియెర్రా కొండల్లో మంచు కొలవడానికి వెళ్తే, మామూలుగా మనిషంత ఎత్తు మంచు ఉండాల్సిన చోట అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ పచ్చిక మీద నిలబడి, పట్టణాల వాడకం 25 శాతం తగ్గించాలని ఆదేశమిచ్చారు. ఆ మంచే కరిగి వేసవిలో నీళ్లవుతుంది, అది లేకపోతే లెక్కలన్నీ తారుమారే. రాష్ట్రం నడిపే పెద్ద కాలువ వ్యవస్థ 2022లో డిస్ట్రిక్టులు అడిగిన దాంట్లో 5 శాతమే ఇచ్చింది, మరుసటి ఏడాదే 100 శాతం ఇచ్చింది. ఏడాదికీ ఏడాదికీ ఇంత తేడా ఉంటే భూగర్భ జలాలు, రిజర్వాయర్లు, శుద్ధి చేసి మళ్లీ వాడే నీళ్లు, అన్నీ కలుపుకుంటేగానీ గట్టెక్కలేరు. కొరత 10 శాతం నుంచి 50 శాతం దాటేవరకు ఆరు మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టులో ఏం ఆపాలో కూడా ముందే రాసుకుంటారు.

ఇంత పని చేసి, మాకు మాత్రం ఒక పోస్ట్‌కార్డు పంపారు. కరువు ఏడాది మా ఇంటికి వచ్చింది అదొక్కటే, లాన్‌కి వారానికి రెండు రోజులే నీళ్లు పెట్టండి అని. ఎందుకో లేదు, ఎన్నో మెట్టులో ఉన్నామో లేదు. పక్కింటాయన పట్టించుకోలేదు, నాకూ కోపమే వచ్చింది. కారణం ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే మా వీధిలో సగం మంది మాట వినేవాళ్లని ఇప్పటికీ నమ్ముతాను.

రేట్లు పెంచేటప్పుడు మాత్రం అలా కుదరదు. 1996లో జనం ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 218 ప్రకారం కనీసం 45 రోజుల ముందు నోటీసు పంపి, బహిరంగ విచారణ పెట్టాలి. సగానికి పైగా ఇళ్ల నుంచి రాతపూర్వకంగా అభ్యంతరం వస్తే పెంపు ఆగిపోతుంది. ఈసారి నోటీసు రాగానే వెళ్లాను. హాల్లో బోర్డు సభ్యులు కాక తొమ్మిది మందిమే ఉన్నాం, కొంచెం బాధేసింది. పాత పైపులు ఎక్కడ కారుతున్నాయో మ్యాప్ మీద చూపిస్తూ ఒక ఇంజినీరు ఎంత ఓపిగ్గా చెప్పాడంటే, అదే మ్యాప్ బిల్లు వెనక ఎందుకు వేయరో నాకు అర్థం కాలేదు.

మైకు ఇచ్చినప్పుడు అదే అడిగాను. సామాన్యులకి అర్థమయ్యేలా సులభంగా ఒక వివరణ ఉండాలని చట్టమే చెబుతోంది, మీ ప్లాన్‌లోనూ మొదటి పేజీల్లో ఉంది, దాన్ని విడిగా అచ్చువేసి ఇక్కడ ఎక్కువమంది మాట్లాడే భాషల్లో బిల్లుతో పాటు పంపండి అన్నాను. రాసుకున్నారు. వచ్చే నెల మీటింగ్ ఎజెండా 72 గంటల ముందు పెడతారు కదా, అందులో ఈ సంగతి ఉందో లేదో చూస్తాను, లేకపోతే మళ్లీ వెళ్తాను.