పచ్చిది పడని ఒంటికి పొయ్యే దిక్కు

ఆరోగ్యంగా ఉండాలంటే ఏం తినాలని ఎవరిని అడిగినా ముందు వచ్చే మాట పండ్లు, సలాడ్లు, పచ్చి కూరగాయలు. వండితే సారమంతా పోతుందని, పచ్చిగా తింటేనే ఒంటికి పడుతుందని ఎంత నమ్మకంగా చెప్తారో. నాకేమో సరిగ్గా అవే పడవు. ఆపిల్ ఒక్క ముక్క కొరికితే చాలు, మింగేలోపే అంగిలి దురద మొదలవుతుంది, నాలుకతో ఎంత రుద్దినా తీరదు, అక్కణ్ణించి చెవుల్లోకి పాకుతుంది, వేలు పెట్టినా అందని చోట. పెదవి లోపలి అంచు కాస్త ఉబ్బుతుంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. ఆ తర్వాత అరగంటలో, ఏ మందూ వేసుకోకుండానే, మొత్తం మాయం.

దానంతట అదే పోతుంది కాబట్టే ఎవరూ నమ్మరు. "ఆపిల్‌కి ఎలర్జీ ఏంటే, అది జబ్బు పడ్డవాళ్లకి పెట్టే పండు కదా!" అంది మా అక్క. తప్పేం లేదు, నాకూ అలాగే అనిపించింది. ముందు ఆపిల్ ఒక్కటే, తర్వాత పీచ్, తర్వాత చెర్రీలు, ఆ తర్వాత పచ్చి క్యారెట్. ఓసారి బంగాళాదుంపల తొక్క తీస్తుంటే వేళ్ల మధ్య దురద పుట్టి, వరసగా తుమ్ములొచ్చాయి. అవే దుంపలు ఉడికించి తింటే ఏమీ లేదు. అక్కడే అసలు సంగతి దాగుందని అప్పుడు తట్టలేదు.

మొదట చూసిన డాక్టరు గొంతులో పట్టేసినట్టుందంటే ఎసిడిటీ అనుకుని గ్యాస్ మాత్రలు రాశారు. ఆ మాత్రల సంగతి మళ్లీ చెప్తాను.

ఇలాంటి ఎలర్జీలో నోటి దురద చిన్న బాధ. పెద్ద బాధ భయం. రేపు ఏ పండు తేడా చేస్తుందో తెలియనప్పుడు మనిషి చేసే మొదటి పని జాబితా పెంచుకుంటూ పోవడం. పండ్లు మానేశాక కూరగాయలన్నిటి మీదా అనుమానం, వండినవాటి మీద కూడా. చివరికి నా కంచంలో మిగిలింది అన్నం, బ్రెడ్డు, గుడ్డు, పెరుగు, బిస్కెట్లు. నోరు హాయిగా ఉంది కానీ ఒళ్లు హాయిగా లేదు. మలబద్ధకం మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తూనే నీరసం, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి కొంచెం రక్తం. రక్త పరీక్షలో ఐరనూ, ఫోలేట్ అనే బి విటమినూ తక్కువని వచ్చింది. ఎలర్జీ నన్ను ఆ స్థితికి తేలేదు, తినకపోవడమే తెచ్చింది.

ఎలర్జీ స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న తిండి గురించి కాదు. "మీకు ఏడాదిలో ఏ నెలల్లో తుమ్ములు ఎక్కువండీ?" అన్నారు. చలికాలం పోయి చెట్లు చిగురించే రోజుల్లో నాకు ఏటా ముక్కు కారడం, కళ్లు మండటం మామూలే, అదొక జబ్బని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ తలూపి, "పడనిది పండు కాదు, పుప్పొడి" అన్నారు.

నాకు అర్థమైనంతలో సంగతిది. బర్చ్ అనే చెట్టు పుప్పొడిలో బెట్ వి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని శత్రువనుకుని ఒళ్లు ఐజీఈ యాంటీబాడీలు, అంటే దాన్ని గుర్తుపట్టి మీద పడే కాపలా ప్రొటీన్లు, తయారు చేసుకుంటుంది. ఆపిల్‌లో ఉండే మాల్ డి 1 ఇంచుమించు అదే పోలికలో ఉంటుంది, క్యారెట్, పీచ్, చెర్రీ, హేజెల్‌నట్, సోయాల్లోనూ దాని చుట్టాలున్నాయి. అన్న మీద కోపంతో అదే ముక్కున్న తమ్ముణ్ణి కొట్టినట్టు, యాంటీబాడీలు పండు మీద పడతాయి. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్లకి పుచ్చకాయ, ఖర్బూజా, అరటిపండు, దోసకాయ, గడ్డి పుప్పొడి పడనివాళ్లకి టమాటా, ఖర్బూజా లాంటివి తేడా చేయవచ్చు. అందుకే ఒకరి జాబితా ఇంకొకరికి పనికిరాదు, ఎవరిదో చూసి మనం తిండి మానేయడం దండగ. ఇదేమీ కొత్తగా పుట్టిన జబ్బు కాదు, ఓరల్ ఎలర్జీ సిండ్రోమ్ అన్న పేరే 1987 నుంచి వాడుకలో ఉంది, ఇప్పుడు పుప్పొడి-ఆహార ఎలర్జీ అని కూడా అంటున్నారు.

పరీక్ష మాత్రం తమాషాగా ఉంది. సీసాల్లో వచ్చే పండ్ల సారంలో ఈ ప్రొటీన్లు తొందరగా పాడైపోతాయట, పరీక్షలో ఏమీ లేదని వస్తుంది, ఇంటికెళ్లి కొరికితే దురద. అందుకని పండ్లు నన్నే తెచ్చుకోమన్నారు. తుమ్ములకి వేసుకునే మాత్రలు ముందుగా కొన్ని రోజులు ఆపమన్నారు, అవి ఒంట్లో ఉంటే పరీక్ష తేలదు. సంచీ నిండా పండ్లతో ఆస్పత్రికి పోతే ఎవరినో పరామర్శించడానికి వచ్చాననుకున్నారు. నర్సు నా ముంజేతి మీద పెన్నుతో అంకెలు వేసి, సూదితో ముందు ఆపిల్‌ని పొడిచి, అదే సూదితో నా చేతిని పొడిచింది. తర్వాత క్యారెట్, ఆ తర్వాత పీచ్, ప్రతిదానికీ కొత్త సూది. పావుగంట గోక్కోకుండా కూర్చోవాలి, అదే కష్టం. ఆపిల్ అంకె పక్కన దోమ కుట్టినదానికంటే పెద్ద దద్దురు లేచింది, క్యారెట్ దగ్గర దానికంటే చిన్నది, నారింజ దగ్గర చుక్క కూడా లేదు. నారింజ కూడా మానేసి ఉన్నాను అప్పటికి!

ఆవిడ చెప్పినవాటిలో నా బతుకు మార్చిన ముక్క ఒకటే. ఈ రకం ప్రొటీన్లు వేడికి ఆగవు. వండితే వాటి ఆకారం విడిపోతుంది, యాంటీబాడీ గుర్తుపట్టలేదు. కడుపులోని ఆమ్లానికీ ఆగవు, అందుకే గోలంతా నోటి దగ్గరే ఆగిపోతుంది. అంటే పచ్చి ఆపిల్ పడనివాళ్లకి ఉడికిన ఆపిల్ సాధారణంగా పడుతుంది. ఉడికిన బంగాళాదుంప నన్నెందుకు ఏమీ అనలేదో అప్పుడు తెలిసింది. గ్యాస్ మాత్రల సంగతి కూడా ఇక్కడే తేలింది, అవి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి కదా, ప్రొటీన్ అరక్కుండా లోపలికి పోయి రియాక్షన్ ముదిరే అవకాశం పెరుగుతుంది. అనవసరంగా వేసుకుంటున్నవి ఆవిడే మాన్పించారు.

ఇది చదివి ఎవరూ ఇంట్లో సొంత ప్రయోగాలు మొదలుపెట్టొద్దు, ఎందుకంటే వేడికి లొంగని ప్రొటీన్లు కూడా ఉన్నాయి. ఎల్‌టీపీ అనే రకం ఉడికించినా పోదు, ఆమ్లానికీ అరగదు, పీచ్ లాంటి పండ్లలో తొక్కలో ఎక్కువగా ఉంటుంది, అది పడనివాళ్లకి ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఊపిరాడకపోవడం దాకా పోవచ్చు. నాకు ఏ రకమో రక్త పరీక్షలో ప్రొటీన్ల వారీగా చూసి తేల్చాకే వండినవి తినమన్నారు. ఊపిరి ఆడకపోయినా, గొంతు మూసుకుపోతున్నట్టున్నా, కళ్లు తిరిగినా దురద మాత్ర వేసుకుని చూద్దామనుకోకూడదు, అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి, వెంటనే ఆస్పత్రికి పోవాలి. సెలరీ అనే కూర వండినా కొందరికి పడదు, హేజెల్‌నట్ లాంటి గింజలు వేయించినంత మాత్రాన భరోసా లేదు. సోయా పాలు గ్లాసుడు ఒక్క గుక్కలో తాగితే బర్చ్ ఎలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి పెద్ద రియాక్షనే వస్తుంది, ఆరోగ్యానికని తాగే స్మూతీల్లో అదే పోస్తారు మరి. ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) ఉన్నవాళ్లలో కొందరికి నోట్లో ఏమీ లేకపోయినా, వండిన పండు తిన్న మర్నాడు చర్మం మీద దురద పెరగవచ్చు. నాకది లేదు.

నా మొదటి ప్రయత్నం మైక్రోవేవ్‌లో ఆపిల్. తొక్క తీసి, ముక్కలు కోసి, చెంచాడు నీళ్లు చల్లి, మూత పెట్టి తిప్పాను. ముక్కల అంచులు అద్దంలా పలచబడ్డాయి, ఆవిరి బాగా వస్తోంది, అయిపోయిందనుకున్నాను. చల్లారాక తింటే మొదటి ముక్క హాయిగా దిగింది, రెండోదానికి నాలుక చివర సన్నగా దురద. ఆ ముక్కని చీల్చి చూస్తే నడిమధ్య ఇంకా తెల్లగా, కరకరలాడుతూ ఉంది. అక్కడికి కాక తగల్లేదన్నమాట. అప్పట్నించి ముక్కలన్నీ ఒకే సైజులో కోస్తాను, మధ్యలో ఓసారి కలుపుతాను, ఫోర్కు గుచ్చితే అడ్డం లేకుండా దిగేదాకా ఆపను. కరకరలాడితే పచ్చిదే అని నా లెక్క. కొంచెం దాల్చినచెక్క పొడి చల్లితే పంచదార అక్కర్లేదు.

ఇక పోషకాల గొడవ. వండితే సారం పోతుందనే మాటలో నిజం కొంత ఉంది, కొంతే. విటమిన్ సీ, ఫోలేట్ వేడికి తగ్గుతాయి, నీళ్లలో కరిగిపోతాయి. అందుకని నీళ్లలో ముంచి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే నష్టం, ఆవిరి మీద ఉడికించినా, మూతపెట్టి సన్న సెగ మీద మగ్గబెట్టినా చాలావరకు మిగులుతాయి. సూప్ అయితే నీళ్లతో సహా తాగేస్తాం కాబట్టి కరిగినవి కూడా కడుపులోకే. పెద్దవాళ్లకి రోజుకి కావలసిన విటమిన్ సీ 100 మిల్లీగ్రాముల లోపే, ఉడికిన బ్రకోలీ, క్యాప్సికం, క్యాబేజీ, బంగాళాదుంపల నుంచి అది బాగానే వస్తుంది. మరోవైపు, వండితేనే బాగా అందేవి ఉన్నాయి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఉడికించి కాస్త నూనె తగిలిస్తే పచ్చిదానికంటే బాగా ఒంటికి పడుతుంది, టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా అంతే. పీచు పదార్థం పొయ్యి మీద పెట్టినంత మాత్రాన ఎక్కడికీ పోదు. ఇవన్నీ తెలిశాక పచ్చి సలాడ్ గిన్నె ముందు కూర్చుని నీతులు చెప్పేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లు రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలంటుంది. మొదట్లో ఆ అంకె చూసి టెన్షన్ పడ్డాను కానీ వండితే కూరగాయలు ఎంతగా తగ్గిపోతాయో తెలుసుగా, గిన్నెడు పాలకూర గుప్పెడవుతుంది. పచ్చివి తినేవాళ్లకంటే నేనే ఎక్కువ తినగలుగుతున్నాను. పొద్దున ఉడికిన ఆపిల్ లేదా డబ్బాలో వచ్చే పీచ్ (పాకంలో కాకుండా పండ్ల రసంలో ఉన్నది), మధ్యాహ్నం రెండు కూరగాయలు, రాత్రి పప్పుధాన్యాలు వేసిన సూప్. పప్పుధాన్యాల్లోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే పక్కన విటమిన్ సీ ఉండాలి, అందుకని దాంతో పాటు ఒక నారింజ, పచ్చిదే, దర్జాగా. ఫ్రీజర్‌లో పెట్టిన పండ్లని మాత్రం నమ్మకండి, చలికి ఈ ప్రొటీన్లు చావవు. ఎండబెట్టిన పండ్లూ అంతే, ఎండబెట్టడం, ఉడికించడం ఒకటి కాదు. డబ్బాల్లో అమ్మే వేడిచేసిన రసాలు నోటికి పడతాయి కానీ అందులో పీచు ఉండదు, పంచదార తాగినట్టే.

బయట తినడం ఇప్పటికీ చిరాకే. వేడివేడి సూప్ తెచ్చి పైన పచ్చి క్యారెట్ తురుము చల్లుతారు, కేకు మీద కివీ ముక్కలు పేరుస్తారు. "పైన పచ్చివి ఏవీ వేయకండి" అని ముందే చెప్తాను, వంద ప్రశ్నలేస్తారు, చెప్తాను. పుప్పొడి కాలంలో ఇంకాస్త జాగ్రత్త, మిగతా రోజుల్లో ఏమీ చేయని పండు కూడా అప్పుడు దురద పెడుతుంది. కసరత్తుకి ముందు, నొప్పి మాత్రలు వేసుకున్నప్పుడు, మద్యం తాగినప్పుడు రియాక్షన్ పెద్దదయ్యే వీలుంది కాబట్టి అనుమానం ఉన్నది ఏదీ ఆ టైములో ముట్టుకోను.

కూరగాయలు తిరిగొచ్చాక ముందు బాగుపడింది పొట్ట, కొన్ని వారాల్లోనే. నీరసం పోవడానికి ఇంకా టైం పట్టింది, ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా వాడాను, తిండి ఒక్కటే చేసిందని చెప్పను. చిగుళ్లు బాగున్నాయి, తర్వాతి రక్త పరీక్షలో అన్నీ సరిగ్గా వచ్చాయి. ఎలర్జీ అలాగే ఉంది. పుప్పొడినే కొంచెం కొంచెంగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ గురించి అడిగాను, తుమ్ములకి బాగా పనిచేస్తుందట కానీ పండ్ల దురద తగ్గుతుందన్న నమ్మకం లేదు, కొందరికి తగ్గింది, కొందరికి లేదు. ఏళ్ల తరబడి తీసుకోవాలి. తుమ్ములు మాత్రలతోనే అదుపులో ఉన్నాయి కాబట్టి ప్రస్తుతానికి వద్దనుకున్నాను.

డాక్టరుతో మాట్లాడి ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతున్నాను, ఒకేసారి రెండు కొత్తవి కాకుండా. ఉడికిన బేరిపండు పడింది. చెర్రీల జోలికి ఇంకా పోలేదు, గింజలు తీసి వండే ఓపిక లేదు.